గుర్రాల్లో జపనీస్ మెదడువాపు యాంటీబాడీ పరీక్ష

జపనీస్ మెదడువాపు వైరస్ సోకిన ఆనవాళ్లను గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదల రక్తంలోని సీరంలో వెతికే పరీక్ష ఇది. ఈ వైరస్‌ను 1935లో జపాన్‌లో ఒక రోగి మెదడు నుంచి వేరుచేశారు. భారత్‌లో తొలి మానవ కేసులు 1955లో వెల్లూరులో కనిపించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1999 అక్టోబరు, నవంబరుల్లో అనంతపురం జిల్లాలో ఈ జబ్బు ప్రబలింది.

వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు వైరస్‌ను పందులు, కొంగల నుంచి మోసుకొస్తాయి. వరి పండే చోట్లు ఈ దోమలకు అనువైనవి. గుర్రం రక్తంలో వైరస్ స్వల్పంగా, కొద్ది రోజులే ఉంటుంది. అందుకే గుర్రం నుంచి దోమకు తిరిగి సోకదు. యాంటీబాడీలు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. ఆ కారణంగా టీకా వేయని గుర్రం ఆ ప్రాంతంలో వైరస్ సంచారానికి విలువైన సాక్ష్యం.

అసలు చిక్కు ఫలితాన్ని నిర్ధారించడంలో ఉంది. దీనికి దగ్గరి సంబంధమున్న వెస్ట్ నైల్ వైరస్ యాంటీబాడీలు కూడా ఎలిసా అనే యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ చూపవచ్చు. అందువల్ల రెండు వైరస్‌లతోనూ తటస్థీకరణ పరీక్ష చేసి పోలుస్తారు. సోకిన తొలిదశలో వచ్చే ఐజీఎం యాంటీబాడీలు ఉంటే, లేదా సుమారు రెండు వారాల తేడాతో తీసిన రెండో నమూనాలో యాంటీబాడీల స్థాయి నాలుగు రెట్లు పెరిగితే, వైరస్ ఇటీవలే సోకినట్టు పరిగణిస్తారు. హరియాణాలోని హిసార్‌లో 1985లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలు చేస్తుంది.