కప్ప ముక్కు నేర్పిన పాఠం



పసుపు తవ్వకాల కాలంలో ఆర్మూరు పరిసరాలకు వెళ్లినవారికి అక్కడి గాలిని గురించి వేరే చెప్పనక్కరలేదు. ఉడికించి కళ్లాలలో ఆరబోసిన కొమ్ముల నుండి టర్మెరోన్ మొదలైన తైలాణువులు ఎగసి ముక్కును చేరుతాయి. ఆ ఘాటు ఒకనాడు హఠాత్తుగా తెలియకుండా పోతే? కొవిడ్ కాలంలో ఎందరికో ఎదురైన ఈ కష్టానికి సమాధానం వెదకుతూ వెళితే, వానాకాలంలో అవే చేల గట్లపై బెకబెకలాడే కప్ప వద్దకు చేరుకుంటాము.

19వ శతాబ్ది మధ్యలో జర్మన్ శాస్త్రజ్ఞుడు మాక్స్ షుల్ట్‌జె కప్ప మొదలైన జంతువుల ముక్కు లోపలి పొరను సూక్ష్మదర్శినితో పరిశీలించి, వాసన పట్టే కణాలు వేరు, వాటికి ఆసరాగా నిలిచే కణాలు వేరు అని వివరించాడు. 1956లో స్వీడన్‌కు చెందిన డేవిడ్ ఒట్టోసన్ కప్ప ముక్కు పొరపై వాసన గాలిని ఊది, అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతాన్ని నమోదు చేశాడు.

కప్పది రెండు లోకాల బ్రతుకు. తోకకప్పగా నీటిలో కరిగిన పదార్థాల వాసన పట్టిన ముక్కు, రూపం మారేటప్పుడు పాత కణాలను విడిచి, కొత్త కణాలతో గాలిలోని వాసనలకు సిద్ధమవుతుంది. పెద్దయ్యాక కూడా నీటిలోనే నివసించే ఆఫ్రికా గోళ్ల కప్పకు నీటి వాసనల కోసం మరొక గది ఏర్పడుతుంది. ఆ నీటి గదిలో చేపల తరహా గ్రాహకాలు, గాలి గదిలో క్షీరదాల తరహా గ్రాహకాలు ఉన్నట్లు 1995లో జర్మన్ పరిశోధకులు కనుగొన్నారు.

ఎదిగిన జీవిలో నాడీకణాలు మళ్లీ పుట్టవని బలంగా నమ్మిన రోజులలో, 1970ల ఆరంభంలో, గ్రాజియాదై అనే శాస్త్రజ్ఞుడు పెద్ద కప్పలో సైతం వాసన నాడీకణాలు నశిస్తూ, అడుగుపొర నుండి కొత్తవి పుడుతూ ఉంటాయని చూపాడు. ఆ శక్తి మన ముక్కుకూ ఉన్నది.

కరోనా వైరస్ ప్రధానంగా దెబ్బతీసేది షుల్ట్‌జె వేరుచేసి చూపిన ఆ ఆసరా కణాలనే. అందుకే చాలామందికి కొన్ని వారాలలో వాసన తిరిగి వచ్చింది. రానివారికి నేడు సూచించే సాధనను 2009లో జర్మనీ వైద్యుడు థామస్ హమ్మెల్ బృందం ప్రకటించింది: గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాల పాటు శ్రద్ధగా చూడటం. అందరికీ కాకున్నా కొందరికి దీనివల్ల మేలు కలిగింది.

వాసన తెలియకపోవడాన్ని చిన్న లోపంగా తలచకండి. గ్యాస్ లీకైనా, అన్నం పాచిపోయినా హెచ్చరించేది ముక్కే. అది మూగవోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని తప్పక సంప్రదించండి.