ఐదు చుక్కల వెనుక సర్కారు సొమ్ము: చిన్న కంపెనీల వైద్య పరిశోధనకు నిధులు ఎలా వస్తాయి?

నెలన్నర బిడ్డను ఎత్తుకుని టీకాల రోజున నగరి సర్కారు ఆసుపత్రికి వెళ్లే తల్లికి పైసా ఖర్చు ఉండదు. సూదులతో పాటు బిడ్డ నోట్లో రోటా వైరస్ టీకా కూడా వేస్తారు. చిన్న పిల్లల్లో నీళ్ల విరేచనాలు ముదిరి ప్రాణం మీదికి రాకుండా కాపాడేది ఇదే. 2016లో దేశంలో ఈ టీకాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ మిగతా మూడు.

అప్పుడు వేసిన టీకా పేరు రోటావాక్. డోసుకు ఐదు చుక్కలు. తయారు చేసింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. ఆ కంపెనీ పెట్టిన కృష్ణ ఎల్లాది నగరికి పొరుగునే ఉన్న తిరుత్తణి ప్రాంతం, రైతు కుటుంబం.

ముప్పై ఏళ్ల పని

ఈ టీకాకు మూలం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికింది. అప్పుడే పుట్టిన కొందరు పిల్లలకు రోటా వైరస్ సోకినా జబ్బు లక్షణాలు కనిపించలేదని డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గమనించింది. ఆ బలహీన రకం వైరస్‌కు 116ఈ అని పేరు. దాన్నుంచి టీకా తయారై, అనుమతి పొందేసరికి 2014 వచ్చింది. చివరి దశ పరీక్షల్లో ఢిల్లీ, పుణె, వేలూరు కేంద్రాల్లో 6,799 మంది పిల్లలు పాల్గొన్నారు. చిత్తూరు జిల్లా కుటుంబాలు పెద్ద జబ్బులకు వెళ్లే వేలూరే ఇది.

ముప్పై ఏళ్లు ఆగి లాభం చూసే బ్యాంకు ఏదీ ఉండదు. అందుకే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, విదేశీ దాతృత్వ సంస్థలు డబ్బు పెట్టాయి. దానికి తగ్గట్టు డోసు ఒక డాలరు దాటకుండా ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. సర్కారు సొమ్ము పడ్డ చోట ధర మీద మాట తీసుకోవడం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

అంతకుముందు శాంతా బయోటెక్నిక్స్

1990లలో హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి వచ్చేది. డోసు ఏడెనిమిది వందల రూపాయలు, మనిషికి మూడు డోసులు. ఐదుగురున్న మరమగ్గం కార్మికుడి ఇంట్లో అందరికీ వేయించాలంటే పది వేలు దాటేది. అంటే ఆ ఇంటికి టీకా లేనట్టే.

నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. మొదటి పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీ, సీసీఎంబీ ల్యాబుల్లో సాగింది. ఇక్కడి ఫైనాన్స్ సంస్థలు వెనకాడితే ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టారు. తర్వాత కేంద్రం ఆధ్వర్యంలోని టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు అప్పు ఇచ్చింది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి టీకా ఇదే. ధర యాభై రూపాయల దగ్గర మొదలయ్యేసరికి విదేశీ కంపెనీలు కూడా రేటు దించక తప్పలేదు. 2009లో శాంతా ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. కంపెనీ చేతులు మారినా, తగ్గిన ధర జనానికి మిగిలింది.

ఇప్పుడు డబ్బు ఏ దారిలో వస్తుంది?

అమెరికా 1982లో చట్టం చేసి, పెద్ద ప్రభుత్వ శాఖల పరిశోధన బడ్జెట్‌లో కొంత వాటా చిన్న కంపెనీలకు కేటాయించింది. మన దేశంలో బయోటెక్నాలజీ విభాగం 2005లో 'స్మాల్ బిజినెస్ ఇన్నోవేషన్ రీసెర్చ్ ఇనీషియేటివ్' ప్రారంభించింది. దీన్నే క్లుప్తంగా ఎస్‌బీఐఆర్‌ఐ అంటారు. 2012లో ఇలాంటి పథకాలన్నీ చూసుకోవడానికి బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది.

కొత్తవాళ్లకు మొదటి మెట్టు బైరాక్ ఇచ్చే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్, అంటే 'బిగ్'. గరిష్ఠంగా 50 లక్షల రూపాయలు, 18 నెలల గడువు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. ఆలోచన పని చేస్తుందని చిన్న స్థాయిలో చూపించడానికే ఈ డబ్బు. స్టార్టప్‌లే కాదు, కంపెనీ ఇంకా పెట్టని వ్యక్తులూ అడగవచ్చు. అయితే వాళ్లు ఏదైనా గుర్తింపు పొందిన ఇంక్యుబేషన్ కేంద్రంలో చేరి పని చేయాలి. ఇంక్యుబేషన్ కేంద్రమంటే ల్యాబు, పరికరాలు, సలహా ఒకే చోట అద్దెకు దొరికే స్థలం. దరఖాస్తులు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో పిలుస్తారు. ఆ మెట్టు దాటిన స్టార్టప్‌లకు సీడ్ ఫండ్ కింద 30 లక్షల వరకు ఇస్తారు. అయితే దానికి బదులుగా కంపెనీలో వాటా తీసుకుంటారు.

నగరి పిల్లలకు దగ్గరి దారి

బీఫార్మసీ, బయోటెక్నాలజీ, బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఇలాంటివి పెద్ద నగరాలవాళ్లకే అనుకుంటారు. నగరి నుంచి పుత్తూరు మీదుగా తిరుపతి వెళితే శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో బైరాక్ సాయంతో మహిళల బయోటెక్ ఇంక్యుబేషన్ కేంద్రం ఉంది. ఆడపిల్లను దూరం పంపడానికి వెనకాడే ఇళ్లకు ఇది తెలియాల్సిన సంగతి. వైద్య పరికరాల తయారీకైతే విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ఉంది. హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్, సీసీఎంబీ ఇంక్యుబేషన్ కేంద్రం ఉన్నాయి.

దరఖాస్తుకు వెళ్లే ముందు మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోవాలి. ఈ జబ్బుతో ఇప్పుడు జనం ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు? ఉన్న మందు లేదా పరికరం కంటే ఇది ఎందులో మేలు? 18 నెలల్లో ఏం నిరూపించగలం? గ్రాంట్ ఇప్పిస్తామని కమీషన్ అడిగే దళారులను దగ్గరికి రానివ్వకూడదు.

గ్రాంట్ వచ్చినంత మాత్రాన మందు నిరూపణ అయినట్టు కాదు

రోగి ఇంట్లో వాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇది. నిపుణుల కమిటీ డబ్బు ఇచ్చిందంటే ఆలోచన పరీక్షించదగ్గది అని మాత్రమే అర్థం. ఆ తర్వాత ల్యాబు, జంతువుల మీద పరీక్ష, మనుషుల మీద దశలవారీ పరీక్షలు, చివరికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉంటాయి. చాలా ఆలోచనలు మధ్యలోనే ఆగిపోతాయి. షుగర్, కిడ్నీ, క్యాన్సర్ రోగుల కుటుంబాలను 'సర్కారు నిధులతో కనిపెట్టిన కొత్త మందు' అంటూ ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే ఆగాలి.

నిజమైన క్లినికల్ పరీక్షలో చేరమని ఆసుపత్రి అడిగినప్పుడు ఇవి చూసుకోవాలి:

1. పరీక్షకు సీటీఆర్‌ఐ నంబరు ఉండాలి. 2009 నుంచి క్లినికల్ పరీక్షలకు ఈ నమోదు తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు.

2. ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి.

3. అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులోనో ఉర్దూలోనో అడిగి తీసుకోవడం హక్కు. ఇంటికి తీసుకెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడాకే సంతకం పెట్టవచ్చు.

4. పరీక్షలో ఉన్న మందుకు రోగి డబ్బు కట్టనక్కర్లేదు.

5. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నిబంధనలు చెబుతున్నాయి.

6. వద్దనవచ్చు, మధ్యలో మానుకోవచ్చు. దాని వల్ల మామూలు వైద్యం ఆగకూడదు.

వేలూరు, పుణె, ఢిల్లీల్లో 6,799 కుటుంబాలు ఒప్పుకున్నందుకే రోటావాక్ చుక్కలు ఊరూరికీ చేరాయి. కాబట్టి పరీక్ష అనగానే భయపడి పారిపోవాల్సిన పని లేదు. ఈ ఆరూ సరిగ్గా ఉన్నాయో లేదో అడిగి తెలుసుకున్నాకే అవునో కాదో చెప్పాలి.