ఖైరియత్ అడగడానికి 45 ఏళ్లు

నాచారంలో మా ఖాలాకు కీమో నడిచినన్నాళ్లూ వారానికి రెండుసార్లు వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. మొత్తం ఆరు డోసులు, 21 రోజులకొకటి. డోసు ఎక్కిన మర్నాటి నుంచే వాంతులు. వారం తిరిగేసరికి నోట్లో పుండ్లు. నాలుగేసి రోజులు గంజినీళ్ల మీదే గడిపేది. అదే ఖాలా, దవాఖానాలో డాక్టరు గారు "ఎలా ఉన్నారమ్మా?" అని అడిగితే, దుపట్టా సర్దుకుని "అల్లాహ్ కా శుక్ర్ హై, అచ్చీచ్ హూఁ" అనేది. బయటికొచ్చాక నేను కోప్పడేవాణ్ణి. "వాళ్ల ముందు రోనా ధోనా దేనికి బేటా? సబ్ర్ చేయాలి" అనేది.

అసలు కేన్సర్ మరీజ్‌ని ఖైరియత్ అడగడం డాక్టర్లు ఎప్పుడు మొదలుపెట్టారా అని పుస్తకాలు తిరగేస్తే, 1948 దగ్గర ఆగాను.

1948 అంటే మన హైదరాబాదీ ఖాందాన్‌లకు పోలీస్ యాక్షనే గుర్తొస్తుంది. మా ఇంట్లో పెద్దలు ఆ సెప్టెంబరు కథలే చెప్పేవారు. కేన్సర్ ఇలాజ్ కూడా ఆ ఏడాదే మలుపు తిరిగింది. అందులో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరాడు. తర్వాత లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసిన బృందాన్ని నడిపించాడు. ఫోలిక్ యాసిడ్ లేకపోతే రక్తకణాలు పెరగవు. అయితే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే రక్త కేన్సర్ కణాలు కూడా ఆగాలి కదా! ఈ ఖయాల్‌తో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ మందు అడిగితే, సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. కొన్ని నెలలే అయినా అంతకుముందు అదీ లేదు. 1948 జూన్‌లో ఆ ఖబర్ అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు ఇంతెఖాల్ అయ్యారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ మన దవాఖానాల్లో వాడుతున్నారు.

ఇంకో ముచ్చట కూడా 1948దే. న్యూయార్క్‌లో డేవిడ్ కార్నోఫ్‌స్కీ అనే డాక్టరు, అప్పటి కీమో మందు నైట్రోజన్ మస్టర్డ్ ఎక్కించుకున్న మరీజ్‌లకు మార్కులు వేయడం మొదలుపెట్టాడు. మామూలుగా తిరిగేవాళ్లకు 100. తన పనులు తను చేసుకుంటూ ఉద్యోగం చేయలేనివాళ్లకు 70. మౌత్ అయితే సున్నా. కణితి ఎంత తగ్గిందన్నదే కాకుండా, మనిషి ఎలా ఉన్నాడన్నదీ కాగితం మీదికి ఎక్కింది. అయితే ఆ మార్కు వేసేది డాక్టరు. మరీజ్‌ని మార్కులు వేయమనలేదు.

ఆ తర్వాత మందులు పెరిగాయి, తక్లీఫ్ కూడా పెరిగింది. 1978లో అమెరికాలో అనుమతి వచ్చిన సిస్‌ప్లాటిన్ తెచ్చే వాంతులకు భయపడి ఇలాజ్ మధ్యలో వదిలేసినవాళ్లున్నారు. ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి వాంతుల మందు 1991లో గానీ రాలేదు. మరీజ్ నోటి నుంచే జవాబు తీసుకునే ప్రశ్నాపత్రాలు మధ్యలో కొన్ని వచ్చినా, ప్రపంచమంతా ఎక్కువగా వాడే ఒకటి 1993లో యూరప్‌లో తయారైంది. అందులో 30 సవాళ్లు. పోయిన వారం నిద్ర పట్టిందా? ఆకలి వేసిందా? ఇంట్లోవాళ్లతో ఎలా ఉంది? డబ్బు ఇబ్బంది ఉందా? మందు పుట్టిన 45 ఏళ్లకు ఈ సవాళ్లు అడగాలని గట్టిగా తోచింది.

మన షహర్‌లో ఈ కథ 1955లో రెడ్ హిల్స్‌లో మొదలవుతుంది. జనం ఎం.ఎన్.జె. అని పిలిచే కేన్సర్ దవాఖానా పేరులో ఉన్నది నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేసి, 1960లో గుజరాత్ మొదటి గవర్నర్ అయిన మనిషి. ఉప్పల్, నాచారం గరీబు ఇళ్ల నుంచి ఎందరో అక్కడికే వెళ్తారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కీమో ఖర్చు భారం కొంత తగ్గింది. ఇప్పుడు హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. కానీ కీమో ఎక్కించుకుని, చేతిలో ప్లాస్టిక్ కవర్ పట్టుకుని వెనక్కి వచ్చే ఆ గంట మాత్రం ఏ పథకంలోనూ లెక్కకు రాదు.

మన ఇళ్లలో అయాదత్ ఉంది. బీమార్‌ని చూడబోవడం సవాబ్ పని. ఖాలా ఇంటికి జనం బాగానే వచ్చారు. ఒకరు హకీం పేరు, ఒకరు బొప్పాయి ఆకు, ఒకరు ఫలానా ఆమె ఇలాగే పోయిందన్న కథ. జబ్బు పేరు మాత్రం ఎవరూ పలకరు, "వో బీమారీ" అంటారు. డోసు తర్వాత ఏడు నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జలుబుతో ఉన్న మెహమాన్ ఒక్కడు చాలు. జ్వరం 100.4 డిగ్రీలు తగిలితే గోలీ వేసి తెల్లారేదాకా చూడకుండా, ఆ రాత్రే దవాఖానాకు తీసుకుపోవాలి. రోజా వదిలేసినందుకు ఖాలా ఏడ్చింది. బీమార్‌కు రుఖ్సత్ ఉందని మౌల్వీసాబ్ వచ్చి చెప్తేగానీ ఊరుకోలేదు.

మూడో డోసు తర్వాత ఖాలా కూతురు ఒక స్కూలు కాపీ తీసింది. ఏ రోజు ఎన్ని వాంతులు, ఎన్ని ముద్దలు, ఎంత నిద్ర, జ్వరం ఎంత, అన్నీ ఉర్దూలో రాసింది. నేను తెలుగులో ఎక్కించి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన రెండు పేజీలు చదివి, "ఇదంతా ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు. వాంతుల మందు మార్చారు. పుండ్లకు పుక్కిలించే మందు రాశారు. ఖాలా సిగ్గుపడింది. "సబ్ర్ అంటే దాచిపెట్టడం కాదు ఖాలా" అని మెట్రోలో అన్నాను. ఏమీ మాట్లాడలేదు.

మరుసటి ఏడాది ఖాలా వెళ్లిపోయింది. కాపీ వల్ల ఉమ్ర్ పెరగలేదు. కానీ ఆఖరి మూడు డోసుల్లో ఆమె అన్నం తింది, నిద్రపోయింది, బక్రీద్ నాడు గోడకు ఆనుకుని కూర్చుని కోడళ్ల చేత షీర్ ఖుర్మా చేయించింది. ఆ కాపీ మా దగ్గరే ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా కీమో మొదలైతే, మొదటి రోజే ఒక కాపీ కొనండి.