పసుపు వైరులో పాలూ నీళ్ళూ

టీవీ వెనక ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో మూడు గుండ్రటి రంధ్రాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఎరుపు, తెలుపు శబ్దానికి. బొమ్మంతా ఒక్క పసుపు వైరులోనే వచ్చేది. డీవీడీ ప్లేయర్లు, గేమ్ కన్సోళ్ళు పెట్టుకున్నవాళ్ళు బొమ్మ బాగుచేసుకోడానికి పడ్డ తిప్పల్లో చాలా భాగం ఆ పసుపు వైరుని వదిలించుకునే ప్రయత్నాలే అని నాకనిపిస్తుంది.

దాని మూలం 1953లో ఉంది. ఆ డిసెంబరులో అమెరికా రంగుల ప్రసారానికి ఎన్‌టీఎస్‌సీ ప్రమాణాన్ని ఆమోదించింది. అప్పటికే లక్షలాది ఇళ్ళల్లో బ్లాక్ అండ్ వైట్ టీవీలున్నాయి. అవి మూలపడకూడదు. అందుకని ఇంజనీర్లు వెలుగునీడల సమాచారం ప్రయాణించే దారిలోనే, 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర, రంగు సమాచారాన్నీ ఇరికించారు. పాత టీవీ దాన్ని దాదాపు పట్టించుకోదు. కొత్త టీవీ విడదీసి చదువుకుంటుంది. పాత కస్టమర్ని వదులుకోకుండా కొత్త ఫీచర్ చేర్చడం ఎంత కష్టమో తెలిసిన సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి, ఈ ఉపాయం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది, మన దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పుడు తీసుకున్న పాల్ పద్ధతి వివరాల్లో వేరైనా ఆలోచన అదే.

చిక్కల్లా ఏమిటంటే, ఒకసారి కలిసిన పాలనీ నీళ్ళనీ పూర్తిగా వేరుచేసే హంస ఏ టీవీలోనూ లేదు. ఎరుపు పక్కన నీలం వస్తే అంచు వెంబడి చుక్కలు పాకేవి. సన్నటి చారల చొక్కా మీద లేని రంగులు మెరిసేవి. గాల్లో వచ్చే ప్రసారానికి ఈ రాజీ తప్పదు, సరే. కానీ ప్లేయరుకీ టీవీకీ మధ్య ఉన్నది మూడడుగుల వైరు! 1996లో జపాన్లో అమ్మకానికొచ్చిన డీవీడీలో వెలుగు, రంగు మొదట్నించీ విడివిడిగానే ఉంటాయి. ప్లేయరు వాటిని పనిగట్టుకుని కలిపి పంపితే, టీవీ మళ్ళీ విడదీయడానికి నానా పాట్లూ పడేది.

కాబట్టి ఇక్కడ బాగుచేయడమంటే కొత్తగా ఏదో చేర్చడం కాదు, కలపకుండా ఉండటం. 1987లో జేవీసీ ఎస్-వీహెచ్ఎస్‌తో ప్రచారంలోకి వచ్చిన ఎస్-వీడియో వెలుగునీ రంగునీ వేరే తీగల్లో పంపింది. కాంపొనెంట్ కేబుల్ మూడు పాయలు చేసింది. ఫ్రాన్సులో పుట్టిన 21 పిన్నుల స్కార్ట్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలని విడివిడిగా మోయగలిగింది. అయినా 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2తో పాటు ఇచ్చింది పసుపు వైరే. అంతకన్నా మంచిది కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 2002 చివర్లో హెచ్‌డీఎంఐ ప్రమాణం వచ్చాక, డిస్కులో అంకెలుగా ఉన్నది టీవీ దాకా అంకెలుగానే చేరే దారి ఏర్పడింది.

అయితే పసుపు వైరుతో పాటు పోయినవీ ఉన్నాయి. 1991లో సెగా మెగా డ్రైవ్ కోసం వచ్చిన సోనిక్ ఆటనే తీసుకోండి. ఒక బొమ్మలోంచి వెనకున్న బొమ్మని పల్చగా కనిపించేలా చూపించే సౌకర్యం ఆ యంత్రంలో లేదు. అందుకని మొదటి దశలోని జలపాతాన్ని ఒక నిలువు గీత నీళ్ళు, ఒక నిలువు గీత ఖాళీగా గీశారు. పసుపు వైరు ఆ గీతల్ని అలికేసేది. కంటికి పల్చటి నీటి తెర కనిపించేది. అదే ఆటని శుభ్రమైన ఆర్‌జీబీలో చూడండి: జలపాతం ఉండాల్సిన చోట కిటికీ ఊచలు!

మరి అసలు బొమ్మ ఏది? చిప్‌లో ఉన్న గీతలా, పిల్లలు చూసిన నీళ్ళా? సినిమా విషయంలో నాకు సందేహం లేదు. సినిమా డిస్కులోకి ఎక్కేసరికే పూర్తయింది, దారిలో ఏం పోయినా నష్టమే. సోనిక్ జలపాతం అలా కాదు. అది చిప్‌లో సగమే తయారైంది. మిగతా సగం వైరులో, టీవీ గాజు మీద తయారయ్యేది. ఇవాళ పాత ఆటల ఎమ్యులేటర్లలో ఆ మసకని కోడ్ రాసి మరీ తెచ్చిపెడుతున్నారు. కొందరికి అది చాదస్తంగా కనిపించొచ్చు. నాకు మాత్రం ఆటని భద్రపరచడంలో అదీ ఒక భాగమే. ఆట ఫైలు ఒక్కటే దాచి ఊరుకుంటే, రేపు దాన్ని తెరిచినవాళ్ళకి అక్కడొక జలపాతం ఉండేదన్న సంగతే తెలియదు.