ఔషధ పరీక్షల వేతన వలంటీర్లు

ఏ జబ్బూ లేకపోయినా, డబ్బు తీసుకుని మందుల పరీక్షలకు ఒప్పుకునేవారే వేతన వలంటీర్లు. కొత్త మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తుంది, ఎంత మోతాదు వరకు తట్టుకోగలం అన్న సంగతులు చాలావరకు మొదట తేలేది వీరి రక్తనమూనాల్లోనే. ఆ మందువల్ల వీరికి ఒరిగేదేమీ ఉండదు. ఇచ్చే సొమ్ము సమయానికీ ఇబ్బందికీ తప్ప ప్రమాదానికి కాదని ఇప్పటి మార్గదర్శకాలు అంటాయి. తొలినాటి ఒప్పందాలు ఈ తేడా పాటించలేదు.

1721లో లండన్ న్యూగేట్ జైలులో ఉరిశిక్ష పడ్డ ఆరుగురికి మశూచి రసి ఎక్కించి, బతికి బయటపడ్డాక విడుదల చేశారు. ఆ తర్వాత చాలాకాలం వైద్యులు తమ మీదో, ఇంటివాళ్ల మీదో, ధర్మాసుపత్రుల్లోని పేదల మీదో ప్రయోగాలు చేశారు.

క్యూబా, 1900–1901

కాగితం మీద రాసుకున్న ఒప్పందాల్లో పేరుమోసినది క్యూబాలోది. ఎల్లో ఫీవర్‌ను దోమ మోస్తుందని హవానా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. క్యూబాలో ఆ జ్వరం సంగతి తేల్చడానికి అమెరికా సైన్యం 1900లో మేజర్ వాల్టర్ రీడ్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. బృంద సభ్యుడు జెస్సీ లాజియర్ సెప్టెంబరు 25న అదే జ్వరంతో చనిపోయాడు. ఆయన పేరిట నవంబరు 20న హవానా శివార్లలో క్యాంప్ లాజియర్ వెలసింది.

అక్కడ చేరినవారిలో సైనికులతో పాటు స్పెయిన్ నుంచి అప్పుడప్పుడే వలస వచ్చిన కూలీలు ఉన్నారు. ఒప్పందాన్ని ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ రాశారు. సంతకం చేసేవాడికి 25 ఏళ్లు దాటి ఉండాలి. రెండు నెలలు శిబిరంలో ఉంటే 100 డాలర్ల బంగారం, జ్వరం వస్తే మరో 100. జబ్బుపడితే మంచి వైద్యం చేయిస్తారు. చనిపోతే ఆ సొమ్ము అతను చెప్పిన మనిషికి చేరుతుంది. గడువు తీరకముందే శిబిరం వదిలితే మాత్రం డబ్బు రాదు. ప్రాణాపాయాన్ని దాచకుండా రాసిన ఈ పత్రం ఆ కాలానికి మెచ్చదగినదే, కానీ మధ్యలో వెళ్లిపోయే దారిని మూసేసింది.

శిబిరంలోని ఒక చెక్క ఇంట్లో గాలి ఆడకుండా తలుపులు బిగించి, రోగుల వాంతులతో మలమూత్రాలతో తడిసిన దుప్పట్లు పరిచారు. డాక్టర్ రాబర్ట్ కుక్, ఇద్దరు సైనికులు ఆ దుప్పట్ల మీదే 20 రాత్రులు పడుకున్నారు. ఒక్కరికీ జ్వరం రాలేదు. దోమలతో కుట్టించుకున్న జాన్ కిసింజర్ డిసెంబరు 8న మంచం పట్టాడు. అతనూ, జాన్ మోరన్ కూడా డబ్బు వద్దన్నారని రీడ్ బృందం చెప్పింది. ఈ శిబిరంలో వలంటీర్లెవరూ చనిపోలేదు. మరుసటి ఏడాది హవానాలో ఇంకో ప్రయోగమాలలో ముగ్గురు చనిపోయారు. వారిలో 25 ఏళ్ల అమెరికన్ నర్సు క్లారా మాస్ ఒకరు (1901 ఆగస్టు 24). ఆమెకు ముట్టింది 100 డాలర్లు.

జైళ్లు, వృత్తి వలంటీర్లు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇల్లినాయిలోని స్టేట్‌విల్ జైలులో ఖైదీలకు మలేరియా ఎక్కించి మందులు పరీక్షించారు. 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్నా, అమెరికాలో జైలు ప్రయోగాలు ఆ తర్వాతే పెరిగాయి. మిషిగన్‌లోని జాక్సన్ జైలు ఆవరణలో అప్‌జాన్, పార్క్-డేవిస్ కంపెనీలు ప్రయోగశాలలు కట్టుకున్నాయి. ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైలులో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ప్రయోగాలు 1951 నుంచి 1974 దాకా సాగాయి. 1978లో వచ్చిన నిబంధనలు ఈ దారిని దాదాపు మూసేశాయి.

దాంతో కంపెనీలు బయటి జనం కోసం వెతికాయి. ఒక పరీక్ష నుంచి మరో పరీక్షకు ఊళ్లు మారుతూ బతికేవాళ్లు తయారయ్యారు. రాబర్ట్ హెల్మ్స్ 1996లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన ‘గినీ పిగ్ జీరో’ పత్రిక, డబ్బు ఎంతిస్తారు, భోజనం ఎలా ఉంటుంది, సూది సరిగ్గా గుచ్చుతారా అని క్లినిక్‌లకు మార్కులు వేసేది. వీరి మధ్య ఏళ్ల తరబడి పరిశోధన చేసి జిల్ ఫిషర్ రాసిన ‘అడ్వర్స్ ఈవెంట్స్’ (2020) విలువైన పుస్తకం. అమెరికాలో ఇలా వచ్చేవారిలో మగవాళ్లే ఎక్కువ. నల్లజాతివారు, లాటినోలు, స్థిరమైన ఉద్యోగం దొరకనివారు ఎక్కువగా కనిపిస్తారు. ఒక పరీక్షకూ మరోదానికీ మధ్య సాధారణంగా 30 రోజుల విరామం ఉండాలి. అవసరం తరిమినప్పుడు కొందరు దీన్ని దాటేస్తారు. ఇలా దాటేయడాన్ని అరికట్టడానికి ఫ్రాన్స్ 1988 చట్టంతో జాతీయ జాబితా పెట్టి, ఏడాదికి అందుకోగల సొమ్ముకు పరిమితి విధించింది.

2006 మార్చి 13న లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో టీజీఎన్ 1412 అనే మందును ఆరుగురికి వెంటవెంటనే ఎక్కించారు. వారికి ఇస్తామన్నది దాదాపు 2,000 పౌండ్లు. కొన్ని గంటల్లోనే ఆరుగురి అవయవాలూ దెబ్బతిన్నాయి. ప్రాణాలు దక్కినా ఒకరు వేళ్లు పోగొట్టుకున్నారు. మొదట ఒక్కరికి ఇచ్చి, ఆగి చూశాకే మిగతావారికి ఇవ్వాలన్న జాగ్రత్త ఆ తర్వాత గట్టిపడింది. 2016లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో మరో పరీక్ష ఒకరి ప్రాణం తీసింది.

భారతదేశం

ఇక్కడ వీరికి ఎక్కువగా దొరికే పని జెనరిక్ మందుల బయో ఈక్వివలెన్స్ పరీక్ష, అంటే జెనరిక్ మాత్ర అసలు కంపెనీ మాత్రలాగే రక్తంలో చేరుతుందో లేదో చూడడం. జెనరిక్ తయారీకి పేరుపడ్డ హైదరాబాద్ దీనికీ కేంద్రమే. వలంటీరు రాత్రంతా పరగడుపున ఉండి, పొద్దున మాత్రను కొలిచిన నీళ్లతో మింగుతాడు. మింగాడో లేదో నోరు తెరిపించి టార్చి వేసి చూస్తారు. చేతికి పెట్టిన కాన్యులా నుంచి గడియారం చూసి నిమిషం తప్పకుండా రక్తం తీస్తారు. కొన్నాళ్ల విరామం తర్వాత రెండో కంపెనీ మాత్రతో ఇదంతా మళ్లీ జరుగుతుంది.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన పేద మహిళలను హైదరాబాద్‌లో పరీక్షలకు తీసుకెళ్లిన సంగతి బయటపడింది. సంతకాలు పెట్టిన కాగితంలో ఏముందో తమకు తెలియదని వారు చెప్పారు. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంత యువకుడొకరు పరీక్షకు వెళ్లొచ్చాక మరణించడంతో, ఊళ్లలో తిరిగి మనుషులను పోగుచేసే దళారుల సంగతి పత్రికలకెక్కింది. పరీక్షవల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2013 జనవరిలో నియమాల్లో చేర్చారు. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు దాన్ని కొనసాగించి, బయో ఈక్వివలెన్స్ కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి.