రెండేళ్ల జైలు, కోటి రూపాయల పరిహారం

ఊరి పొలిమేరలో ఆర్టీసీ బస్సు తగిలి, సైకిలు మీద పోతున్న మనిషి చనిపోయాడనుకోండి. గంటల్లో ఎఫ్.ఐ.ఆర్. తయారవుతుంది. ఏ జిల్లా స్టేషన్‌లో రాసినా అందులో మాట ఒకటే. డ్రైవరు బండిని ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ నడిపాడని. అక్కణ్ణించి ఆ ఒక్క ప్రమాదం మూడు దారులు పడుతుంది. మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ కేసు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో చనిపోయినవాడి భార్యాపిల్లల క్లెయిము, డిపోలో డ్రైవరు మీద శాఖాపరమైన విచారణ. కొన్నేళ్లకు మూడు ఫలితాలొస్తాయి. సాక్షులు అడ్డం తిరిగితే మేజిస్ట్రేటు కేసు కొట్టేస్తారు. అదే డ్రైవరు అజాగ్రత్త వల్లే ప్రాణం పోయిందని ట్రిబ్యునల్ తేల్చి డబ్బు కట్టమంటుంది. ఈ రెంటి కోసం ఎదురుచూడకుండా డిపోవాళ్లు ఎప్పుడో ఇంక్రిమెంటు కోసేసి ఉంటారు.

బయటివాళ్లకిది వింతగా ఉంటుంది గాని వకీళ్లకు కాదు. జైలుకు పంపాలంటే అనుమానానికి తావు లేని రుజువు కావాలి. పరిహారానికి, బహుశా ఇలా జరిగే ఉంటుందన్నంత నమ్మకం చాలు. బిమలాదేవి కేసులో 2009లో సుప్రీంకోర్టు ఈ సంగతి మరోసారి గట్టిగా చెప్పింది. ఈ రెండు కొలతలూ ఒక్కసారి పుట్టినవి కావు. గత నూట యాభై ఏళ్లలో పరిహారం దారి వెడల్పవుతూ వచ్చింది, శిక్ష దారి ఇరుకవుతూ వచ్చింది. అయితే ఆ ఇరుకు అందరికీ ఒకేలా లేదు.

పాత స్మృతుల్లో డబ్బూ శిక్షా కలిసే ఉండేవి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బండి ప్రమాదాల మీద ఓ చిన్న ప్రకరణం ఉంది. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు పోయినా, తప్పుకోమని తోలేవాడు అరిచినా దండన లేదు. తోలేవాడు పనిమంతుడై ఉండి ప్రమాదం జరిగితే దండుగ అతనిదే. చేతకానివాణ్ణి పెట్టుకుంటే బండి యజమాని కట్టాలి. కౌటిల్యుడు వైద్యుల సంగతి చూశాడు. ప్రాణాపాయమున్న రోగాన్ని చెప్పకుండా వైద్యం చేసి, రోగి చనిపోతే ఒక దండన. వైద్యంలోనే పొరపాటు జరిగితే అంతకంటే పెద్ద దండన. చేతకానివాడికి పగ్గాలిచ్చిన యజమాని తప్పును అంత పాతకాలంలో అంత సూటిగా పట్టుకున్నారంటే మెచ్చుకోవాల్సిందే. తర్వాతి క్రిమినల్ చట్టం ఆ యజమానిని చాలావరకు మరిచిపోయింది.

1860లో వచ్చిన భారత శిక్షాస్మృతిలో అజాగ్రత్తతో ప్రాణం తీసినవాడికి సెక్షనే లేదు. మెకాలే సంఘం 1837 ముసాయిదాలో ఉన్నదాన్ని చట్టం చేసేటప్పుడు వదిలేశారు. పదేళ్లకు, 1870లో, 304-ఎ పేరుతో చేర్చారు. గరిష్ఠ శిక్ష రెండేళ్లు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ రెండేళ్ల గీత 2024 దాకా కదల్లేదు.

శిక్ష తక్కువైనా నేరం రుజువు చేయడం తేలిక కాలేదు. బొంబాయిలో రంగుల ఫ్యాక్టరీ నడిపే రంగ్‌వాలా కేసు దీనికి మంచి నమూనా. టర్పెంటైను, వార్నిష్ నిల్వ చేసిన గదిలోనే బర్నర్లు పెట్టి రెజిన్, తారు కాచేవారు. ఒకరోజు కాగిన తారు సరిగా చల్లారకముందే పనివాడొకడు అందులో టర్పెంటైను పోశాడు. నురగ పొంగి బర్నర్ల మీద పడింది. మంటల్లో ఏడుగురు కార్మికులు చనిపోయారు. అలాంటి గదిలో పొయ్యిలు పెట్టించింది యజమానే. కానీ చావుకు దగ్గరి కారణం పనివాడు తొందరపడి పోయడమేనంటూ సుప్రీంకోర్టు యజమానిని 304-ఎ నుంచి తప్పించింది. నిప్పు విషయంలో జాగ్రత్త తీసుకోలేదన్న చిన్న సెక్షన్ మాత్రం మిగిలింది. కారణాల గొలుసులో చివరి కొక్కెం ఎవరి చేతిలో ఉంటే వాడే దోషి అన్నమాట. ఈ తర్కం ఫ్యాక్టరీల్లో కూలీ మీద, రోడ్డు మీద డ్రైవరు మీద పడుతుంది. పొయ్యి ఎక్కడ పెట్టాలో నిర్ణయించినవాడి దాకా పోవడం అరుదు.

భోపాల్లో అదే జరిగింది. 1984 డిసెంబరు 2 రాత్రి ఫ్యాక్టరీ నుంచి వెలువడిన విషవాయువు వేలమందిని చంపింది. సీబీఐ పెట్టిన పెద్ద అభియోగాన్ని 1996లో సుప్రీంకోర్టు 304-ఎకు తగ్గించింది. 2010 జూన్‌లో కంపెనీ భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష పడింది, బెయిలు ఆ రోజే వచ్చింది. దేశం మండిపడింది. నిజానికి ఆ మేజిస్ట్రేటు చేతిలో ఉన్న సెక్షన్‌కు గరిష్ఠ శిక్షే అది.

పరిహారం వైపు కథ వేరు. అక్కడ మొదటి అడ్డంకి సర్కారే. 1861లో కలకత్తా కోర్టు ముందుకు ఓ గుర్రబ్బండి కేసు వచ్చింది. ఖిద్దిర్‌పూర్ డాక్‌యార్డు పనివాళ్లు మోసుకెళ్తున్న ఇనుప సామాను దారిలో పడేస్తే, ఆ చప్పుడుకు గుర్రం బెదిరి దెబ్బలు తగిలాయి. సర్కారు వ్యాపారంలాంటి పనిలో పొరపాటు చేస్తే కట్టాలి, సార్వభౌమాధికారం వాడే పనిలో అయితే అక్కర్లేదు అన్న విభజన ఆ తీర్పులో మొదలై నూరేళ్లు దాటి బతికింది. 1947లో మీరట్ పోలీసులు ఓ వ్యాపారి దగ్గర పట్టుకున్న బంగారాన్ని మాల్ఖానా హెడ్‌కానిస్టేబుల్ కాజేసి పాకిస్తాన్ పారిపోతే, ఆ వ్యాపారికి దమ్మిడీ రాలేదు. పోలీసు పని సార్వభౌమాధికారమేనని 1965లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ గోడను పగలగొట్టిన కేసుల్లో రెండు మన ప్రాంతానివి. 1975లో విజిలెన్స్ అధికారులు ఓ ఎరువుల వ్యాపారి సరుకు పట్టుకున్నారు. చాలామటుకు తిరిగిచ్చేయమని కలెక్టరు ఆర్డరు వేసేనాటికి సరుకు పాడైపోయింది. ఆ ఎరువు నాకొద్దు, ఖరీదు కట్టండి అన్నాడాయన. నాగేంద్రరావు కేసుగా పేరుపడ్డ ఈ తగాదాలో 1994లో జస్టిస్ సహాయ్ రాసిన తీర్పు సర్కారు మినహాయింపును దాదాపు తీసిపారేసింది. రెండోది కోయిలకుంట్ల సబ్‌జైలుది. 1977 మేలో ఒక రాత్రి దుండగులు జైల్లోకి చొరబడి, రిమాండులో ఉన్న తండ్రీకొడుకుల సెల్ మీద బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. దావాకు గడువు దాటిందని కింది కోర్టు కొట్టేస్తే, హైకోర్టు 1,44,000 రూపాయలు ఇమ్మంది. ఖైదీ ప్రాణం కూడా ప్రాణమేనని, దాని ముందు సార్వభౌమాధికారం సాకు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు ముద్ర వేసింది. తండ్రి పోయిన ఇరవై మూడేళ్లకు.

రోడ్డు ప్రమాదాల్లో మార్పు చట్టసభల నుంచి వచ్చింది. తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా కొంత సొమ్ము ఇవ్వాలని 1982లో సవరణ తెచ్చారు. ప్రాణానికి 15,000 రూపాయలు. 2019 సవరణతో అది 5 లక్షలైంది. అంతకు మించి కావాలంటే పాతపద్ధతిలో అజాగ్రత్త రుజువు చేయాలి.

వైద్యుల విషయంలో రెండు దారులూ ఎంత దూరం జరిగాయో బాగా కనిపిస్తుంది. 1986 వినియోగదారుల చట్టం కిందికి డబ్బు తీసుకుని చేసే వైద్యం వస్తుందని 1995లో శాంత కేసులో తేలింది. ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ తెచ్చిన ఘటన మీద నడిచిన జేకబ్ మాథ్యూ కేసులో, 2005లో, క్రిమినల్ కేసు పెట్టాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన అజాగ్రత్త ఉండాలి అన్నారు. ముందు మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోమన్నారు. పరిహారం దారిలో ఆ అడ్డు లేదు. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఛాతీలో కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇంజనీరింగ్ విద్యార్థి నడుము కిందికి చచ్చుబడిపోయాడు. పరీక్ష కోసం ముక్క తీయడానికి ఒప్పుకుంటే, కణితినే కోసి తీసేశారని ఆయన అభియోగం. తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. క్రిమినల్ కేసుల్లో వైద్యులకిచ్చిన రక్షణ నాకు తప్పుగా తోచదు. ప్రతి చావుకూ పోలీసు వస్తే, ప్రమాదమున్న రోగిని ఏ డాక్టరూ ముట్టుకోడు. కానీ ఇలాంటి ముందస్తు వడపోత లారీ డ్రైవరుకు ఎందుకు లేదు?

కంపెనీల మీద అత్యంత గట్టి సూత్రం ఢిల్లీ శ్రీరామ్ ఓలియం గ్యాస్ కేసులో, 1986 డిసెంబరులో, జస్టిస్ భగవతి చేతి మీదుగా వచ్చింది. ప్రమాదకరమైన వ్యాపారం చేసేవాడు జాగ్రత్త పడ్డానని చెప్పుకోవడానికి వీల్లేదు, నష్టానికి పూర్తి బాధ్యత వాడిదే. అంత గొప్ప సూత్రం చెప్పి, బాధితుల్ని మాత్రం మళ్లీ కింది కోర్టుల్లో దావాలు వేసుకోమన్నారు. ఆ వరసలోనే 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరీన్ ఆవిరి 12 మందిని చంపినప్పుడు, గ్రీన్ ట్రిబ్యునల్ మర్నాడే కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. తప్పెవరిదో తేలేదాకా ఆగలేదు.

2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ రెండేళ్లను ఐదేళ్లు చేసింది. డాక్టర్లకు మాత్రం పాత రెండేళ్లే ఉంచింది. ఆ సెక్షన్ రెండో భాగం, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్లంది. దాని మీద 2024 జనవరి మొదట్లో లారీలు ఆగిపోయాయి, హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు కట్టారు, ఓ డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి అన్నం చేరవేశాడు. ఆగితే జనం చంపుతారు, పారిపోతే పదేళ్లు అన్నది డ్రైవర్ల మాట. నిద్ర లేకుండా బండి తోలించే యజమాని పేరు ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. చర్చించాకే అమలు చేస్తామని కేంద్రం మాటిచ్చింది. జూలైలో సంహిత అంతా అమల్లోకొచ్చినా, ఆ రెండో భాగాన్ని మాత్రం నోటిఫికేషన్ పక్కనపెట్టింది.