తెలుగింటి దంపుళ్ళు, రుబ్బుళ్ళు

తెలుగింట్లో వంటకు పట్టే సమయం కన్నా, వంటకు సరుకు సిద్ధం చేసుకునే సమయమే చాలాకాలం ఎక్కువగా ఉండేది. వడ్లు దంచాలి, పప్పు విసరాలి, మినుములు రుబ్బాలి, కారం కొట్టాలి. వడ్లకు, కారానికి రోలూ రోకలీ, పప్పులకు, జొన్నలకు తిరగలి, నానిన పప్పుకు రుబ్బురోలూ పొత్రమూ, మసాలాకు సన్నికల్లు. తిరగలిని తెలంగాణలో ఇసుర్రాయి అంటారు. ఈ రాళ్ళ పని ఒక్కసారిగా తగ్గలేదు, వందేళ్ళ పైచిలుకు కాలంలో ఒక వరుసలో తగ్గింది. ఏ పని ఎంత కష్టమన్నది ఆ వరుసను నిర్ణయించలేదు. నిలవ ఉండి బజారులో అమ్ముడయ్యే బియ్యం అన్నిటికన్నా ముందు యంత్రానికి ఎక్కాయి. మర్నాటికే పులిసిపోయే పిండి అన్నిటికన్నా ఆఖరున ఎక్కింది.

దంపుడు ఒక్కరితో తెమిలే పని కాదు. ఎండబెట్టిన వడ్లను రోట్లో పోసి, ఇనప పొన్ను బిగించిన రోకళ్ళతో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చుట్టూ నిలబడి వంతులవారీగా పోటు వేసేవారు. ఒకరి రోకలి లేస్తుంటే మరొకరిది దిగాలి. దంపుళ్ళ పాటలు ఆ లయను నిలబెట్టేవి, ఒళ్ళు నొప్పులనూ కాస్త మరిపించేవి. ఊక విడిపోయాక చేటతో చెరిగి మళ్ళీ దంచితే తవుడు రాలేది. నూకలు, తవుడు, ఊక దేనికది వేరు చేయాలి. ఒక్కటీ పారేసేది కాదు. పేద ఇళ్ళలో ఈ పని ఇల్లాలికి తెల్లవారకముందే మొదలయ్యేది. కలిగిన ఇళ్ళలో కూలివాళ్ళు చేసేవారు. అందువల్ల దంపుడు కొందరికి చాకిరీ, మరికొందరికి బతుకుతెరువు. తర్వాత మిల్లుల మీద నడిచిన వాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాల్లో మాగాణి విస్తరించింది. మిగులు ధాన్యం కాలువల మీద పడవల్లోనూ, తర్వాత రైళ్ళలోనూ దూరప్రాంతాలకు తరలింది. అంత ధాన్యాన్ని రోకళ్ళతో దంచి పంపడం అయ్యే పని కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో డెల్టా పట్టణాల్లో మిల్లులు లేచాయి. బ్రెజిల్‌లో 1885లో రూపొందిన ఎంగెల్‌బర్గ్ హల్లర్ చిన్న యంత్రం కావడంతో పల్లెలకూ చేరింది. జనం నోట అది హల్లర్ మిల్లుగానే నిలిచిపోయింది. దాన్ని పెట్టినవాళ్ళు వ్యాపారం కోసం పెట్టారు. ఇల్లాలి భుజాలకు విశ్రాంతి ఆ వ్యాపారంలో కొసరుగా దక్కింది.

ఆ కొసరుకు మూల్యం ఆరోగ్యంతో చెల్లించవలసి వచ్చింది. తెల్లగా మరపట్టిన బియ్యంలో తవుడుతోపాటు థయామిన్ పోతుంది. అది లోపిస్తే వచ్చే బెరిబెరి, ఉత్తర సర్కారు జిల్లాలను పీడించిన రోగాల్లో ఒకటి. పాలిష్ చేసిన బియ్యం తిన్న కోళ్ళకు అలాంటి జబ్బే వస్తుందని జావాలో గమనించిన ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో బెరిబెరి మీద పరిశోధన కూనూరులో సాగింది. అక్కడి ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది.

గాంధీ 1934లో స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని గట్టిగా ప్రచారం చేసింది. పల్లె కూలి నిలవాలి, తిండిలో సత్తువ నిలవాలి అన్నవి దాని వాదనలు. స్వాతంత్ర్యం తర్వాత 1958 నాటి చట్టం మిల్లులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అది 1997లో రద్దయింది. తవుడు విషయంలో దంపుడు పక్షం చెప్పింది అక్షరాలా నిజం. అయితే కూలి ఇచ్చుకోలేని ఇంట్లో ఆ రోకలి ఎవరు ఎత్తాలన్న ప్రశ్నకు ఆ ప్రచారంలో సరైన జవాబు లేదు. మిల్లు అందుబాటులోకి వచ్చిన ఊళ్ళో ఆడవాళ్ళు మళ్ళీ రోకలి పట్టలేదు.

తిరగలి వంతు తర్వాత వచ్చింది. కోస్తాలో పిండిమర, తెలంగాణలో పిండి గిర్ని అనే చిన్న మిల్లులు జొన్నలు, రాగులు, మిరపకాయలు పట్టిచ్చేవి. డబ్బా నెత్తిన పెట్టుకుని గిర్నికి వెళ్ళి వరుసలో నిలబడటం కొత్త పనే గానీ, గంటల తరబడి విసరడంతో పోలిస్తే అది విశ్రాంతి.

ఇక మిగిలింది తడి పిండి. దాన్ని మరకు మోసుకెళ్ళడం కుదరదు, మర దగ్గర కొని నిలవ చేయడమూ కుదరదు. గారెలు, అట్లు, ఇడ్లీలు పండుగకో చుట్టాలకో పరిమితమైన ఇళ్ళు ఎన్నో ఉండటానికి రుబ్బుడు కూడా ఒక కారణం. ఈ పని తగ్గాలంటే యంత్రమే ఇంట్లోకి రావాలి, అందుకు కరెంటు రావాలి. కోయంబత్తూరులో 1955లో పి. సభాపతి వెట్ గ్రైండర్‌ను తయారు చేశారు. రాయిని అలాగే ఉంచి చేతికి బదులు మోటారు పెట్టడం అందులోని కిటుకు. ఆ ఊరి గ్రైండర్‌కు తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మిక్సీది మరో దారి. విదేశీ మిక్సర్లు పళ్ళరసానికి సరిపోతాయి గానీ మన పసుపు కొమ్ములకు, నానిన పప్పుకు తట్టుకోలేవు. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు, తన భార్య మాధురి వాడుతున్న జర్మన్ మిక్సర్ కాలిపోవడంతో బలమైన మోటారుతో సుమీత్ మిక్సీని రూపొందించారు. 1980ల నాటికి మిక్సీ పెళ్ళి కానుకల్లో చేరిపోయింది.

రోళ్ళకు గంట్లు కొట్టేవాళ్ళకు గిరాకీ పోయింది. ఇప్పుడు హోటళ్ళు రోటి పచ్చడి అనే పేరును ధర పెంచడానికి వాడుకుంటున్నాయి. ఆ పచ్చడిని ఏ రోట్లో నూరారో అడిగేవారు తక్కువ. పెళ్ళి పనుల్లో మాత్రం పసుపు దంచడానికి రోలూ రోకలీ, పెళ్ళిలో తొక్కించడానికి సన్నికల్లూ తప్పనిసరిగా ఉంటాయి.

ఫ్రిజ్‌లు పెరిగాక తడి పిండికి కూడా నిలవ గుణం అబ్బింది, వెంటనే అదీ అమ్మకపు సరుకైంది. 2005లో బెంగళూరులో ఇడ్లీ, దోసె పిండి అమ్మకంతో మొదలైన ఐడీ ఫ్రెష్ వంటి సంస్థలు దాన్ని పెద్ద వ్యాపారం చేశాయి. నేడు తెలుగు పట్టణాల్లో రుబ్బిన పిండి పాలప్యాకెట్ల పక్కనే దొరుకుతోంది.